పిల్లలు పక్కకు తప్పుకుంటే రోబోటిక్స్ బాగుపడుతుంది

రోబోటిక్స్‌ను, సైన్సును, ఇంజినీరింగును పిల్లల చేత చేయించి నేర్పే స్వచ్ఛంద సంస్థల పనితీరును నిష్పాక్షికంగా పరిశీలించిన వారెవరైనా ఒక నిర్ణయానికి రాక తప్పదు. ఈ రంగంలో రోబో విడిభాగాల కిట్ల కొరత ఉంది, వాలంటీర్ల కొరత ఉంది, సాయంత్రం పూట తాళం వేయకుండా ఒక గది వదిలిపెట్టే పుణ్యాత్ముల కొరత మరీ ఉంది. వీటన్నిటినీ మించిన అడ్డంకి మరొకటి ఉన్నా, మొహమాటం కొద్దీ ఎవరూ దాని పేరెత్తడం లేదు. ఆ అడ్డంకి పిల్లలే. వారు లేకపోతే ఈ సంస్థలు తయారు చేయించే రోబోలు ఇంతకంటే వేగంగా, ఇంతకంటే అందంగా, అనుకున్న తేదీకి సిద్ధమవుతాయి.

ఏ క్లబ్బులోనైనా కనిపించే ఒక మామూలు సాయంత్రాన్ని తీసుకుందాం. బల్లమీద రెండు చక్రాల బండి, దానిపై ప్రోగ్రాం ప్రకారం మోటార్లను నడిపే ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటరు బోర్డు, వెనుక బ్యాటరీ పెట్టె ఉన్నాయి. పన్నెండేళ్ల అమ్మాయి రాసిన ప్రోగ్రాం ప్రకారం ఒక చక్రం ఆగి, రెండోది 600 మిల్లీసెకన్లు తిరిగితే బండి 90 డిగ్రీలు మళ్లాలి. పోయిన వారం మళ్లింది. ఈ వారం 80 దగ్గరే ఆగిపోతోంది. బ్యాటరీ దిగితే మోటారు నెమ్మదిస్తుందని, అంతే సమయంలో చక్రం అంత దూరం పోలేదని పక్కన కూర్చున్న వాలంటీరుకు తెలుసు. తెలిసి కూడా నోరు మెదపడు. అమ్మాయి 600ను 680 చేసింది. బండి దారికొచ్చింది. ఇంతలో ఎవరో కొత్త బ్యాటరీలు వేశారు; బండి 100 డిగ్రీలు దాటి తిరిగి గోడకు గుద్దుకుంది. ఆ పిల్ల కాసేపు ప్రోగ్రామును తిట్టింది, కాసేపు గోడను తిట్టింది, ఆ తర్వాత వోల్టేజీ కొలిచే మల్టీమీటరు అడిగి తీసుకుని పాత బ్యాటరీలనూ కొత్త వాటినీ కొలిచి కాగితం మీద రాసుకుంది. చివరికి, సమయాన్ని నమ్ముకుంటే లాభం లేదని, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సరు కావాలని ప్రకటించింది.

‘బ్యాటరీ దిగిందమ్మా’ అని ఒక్క మాట అంటే అర నిమిషంలో తేలిపోయే వ్యవహారానికి ఇలా సాయంత్రమంతా తగలేయడాన్ని విద్య అనవచ్చా అన్నది మొదటి ప్రశ్న. అంతకంటే భయపెట్టేది రెండోది. ఎవరు ఏ అంకె చెప్పినా కొలిచి చూడందే నమ్మని మనిషి ఒకరు ఆ సాయంత్రం ఆ బల్ల దగ్గర తయారయ్యారు. రేపు ఆమె ఇంట్లో, బడిలో, ఆ తర్వాత ఉద్యోగంలో ఏమేమి కొలవమంటుందో ఈ సంస్థలు ఒక్క క్షణమైనా ఆలోచించాయా?

ఈ అనర్థానికి మూలం వెతికితే 1967 దాకా వెళ్లాలి. ఆ ఏడాది సీమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జైగ్ మరికొందరితో కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. దాని ఆజ్ఞలతో నేలమీద గీతలు గీసుకుంటూ తిరిగే తాబేలు రోబో తర్వాత వచ్చింది. కంప్యూటరు అడుగుతుంటే పిల్లలు జవాబు చెప్పడమనే చక్కని పద్ధతిని తలకిందులు చేసి, పిల్లలు చెబితే కంప్యూటరు వినడమనే విపరీతానికి పాపర్ట్ తలుపులు తెరిచారు. పైగా తప్పు చేస్తే సిగ్గుపడనక్కరలేదని, అది ఎక్కడ జరిగిందో వెతికి దిద్దుకుంటే చాలని కూడా పిల్లలకు నూరిపోశారు. సిగ్గు పోయిన తర్వాత ఇక క్రమశిక్షణ దేనిమీద నిలబడుతుంది?

ఆ నిప్పు అక్కడితో ఆరలేదు. 1989లో డీన్ కామెన్ అమెరికాలో ఫస్ట్ అనే సంస్థను స్థాపించారు. 1992లో న్యూహాంప్‌షైర్‌లోని ఒక హైస్కూలు వ్యాయామశాలలో 28 జట్లతో దాని తొలి రోబో పోటీ జరిగింది. అంతవరకైతే క్షమించవచ్చు, పోటీలు పెట్టడం పెద్దల సహజ లక్షణం. కానీ ఆ సంస్థకు అండగా నిలిచిన, అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్, గెలవడానికి ఎంత గట్టిగా పోరాడినా ఎదుటివారిని గౌరవించాలనీ, వారికి సాయపడాలనీ ఒక సిద్ధాంతం ప్రచారం చేశారు. ప్రత్యర్థి జట్టు మోటారు కాలిపోతే మన పెట్టెలోని మోటారు తీసి ఇవ్వాలట. ఈ మ్యాచ్‌లో మనతో కలిసి ఆడిన జట్టు వచ్చే మ్యాచ్‌లో మనకు ఎదురు నిలుస్తుందట, అయినా మొహం మాడ్చుకోకూడదట. ఇటువంటి అలవాట్లతో పెరిగిన పిల్లలు పెద్దల లోకంలో ఒక్క ఎన్నికనైనా, ఒక్క ఆస్తి పంపకాన్నైనా సక్రమంగా నడపగలరా?

1993లో బోస్టన్ కంప్యూటర్ మ్యూజియంలో పిల్లలు బడి తర్వాత వచ్చి కంప్యూటర్లతో సొంతంగా ఏదైనా తయారు చేసుకునే చోటుగా మొదలైన కంప్యూటర్ క్లబ్‌హౌస్, 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టి ఏడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు ఉచితంగా ప్రోగ్రామింగ్ నేర్పుతూ వచ్చిన కోడర్‌డోజో కూడా ఈ తానులోని ముక్కలే. ఉచితమంటేనే అనుమానించాలి, రుసుము లేని చోట రసీదు ఉండదు, రసీదు లేని చదువుకు విలువ కట్టేదెలా?

ఈ చీకట్లో కొంత ఆశ కలిగిస్తున్నది తండ్రులే. పోటీ ముందురోజు రాత్రి నిద్ర మాని, కొడుకును నిద్రపుచ్చి, రోబోను పూర్తి చేసే తండ్రుల సేవను ఏ సంస్థా ఇంతవరకు గుర్తించలేదు. వారు చేసిన రోబోను గుర్తుపట్టడం సులభం: తీగలన్నీ ఒకే రంగు తొడుగులో ఉంటాయి, స్క్రూలన్నీ ఒకే పొడవుంటాయి, పక్కన నిలబడిన పిల్లవాడు దాన్ని ముట్టుకోవడానికి జంకుతాడు. న్యాయనిర్ణేతలు మాత్రం దయాదాక్షిణ్యాలు లేకుండా, పెద్దలను దూరంగా నిలబెట్టి, ఈ గేర్లు ఎందుకు పెట్టావని నేరుగా పిల్లవాణ్ణే అడుగుతారు. వాడు ‘టార్క్ ఆప్టిమైజేషన్’ అని ఒప్పజెప్పి తండ్రి ఎక్కడున్నాడా అని చూస్తాడు. పక్క బల్ల దగ్గర, టేపుతో అతికించిన వంకర రోబో ముందు నిలబడిన పిల్ల, ‘మొదట బండి వాలు ఎక్కలేదండీ. 12 పళ్ల గేరుతో 36 పళ్ల గేరును తిప్పాం. వేగం మూడో వంతుకు పడిపోయింది గానీ ఎక్కింది’ అంటుంది. బహుమతి ఆ వంకర రోబోకే పోతే ఆ తండ్రి మనసు ఎంత నొచ్చుకుంటుంది! అందుచేత తండ్రులకు విడిగా ఒక విభాగం పెట్టి, పతకాలు వారి మెడలోనే వేసి, పిల్లలను గ్యాలరీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడం మర్యాదగా ఉంటుంది.

జట్టులోని ఆడపిల్లలకు పోస్టరు రంగులేసే పని, మగపిల్లలకు రిమోటు అప్పగించే చక్కని ఏర్పాటును కూడా కొన్ని సంస్థలు పాడు చేస్తున్నాయి. వారం వారం పనులు మార్చుకోవాలని నియమం పెట్టడంతో పోస్టర్ల నాణ్యత ఘోరంగా పడిపోయింది.

ఇక దాతల సంగతి. దాత ఇచ్చిన ఇరవై కిట్లు అద్దాల బీరువాలో, సీలు విప్పకుండా, వరుసగా ఉన్నప్పుడే అందం. వాటి బ్యాటరీలు తీగ తగిలి వేడెక్కవు, సర్వోలనే చిన్న మోటార్ల పళ్లు విరగవు, కరెంటును అదుపు చేసే రెసిస్టరు లేకుండా బ్యాటరీకి తగిలిస్తే ఎల్‌ఈడీ ఏమవుతుందో చూడాలన్న కుతూహలం వాటి జోలికి రాదు. ఏడాది చివర లెక్క చూస్తే ఇరవైకి ఇరవై. క్లబ్బులో అదే కిట్లను చూడండి: ఆర్నెల్లకే డబ్బాలు కలిసిపోయి, చక్రాలు ఒకచోట, సెన్సర్లు మరోచోట, అరచేతిలో పట్టేంత స్క్రూల కోసం నలుగురు పిల్లలు నేలమీద వెతుకులాట. ఆ స్క్రూలకు, కొత్త బ్యాటరీలకు, వాలంటీరు రానుపోను ఖర్చుకు డబ్బు కావాలని సంస్థవారు దాతను అడగడం మర్యాద కాదు. రిబ్బను కత్తిరించడానికి స్క్రూ అవసరం లేదు, ఫొటోలో బ్యాటరీ వోల్టేజీ కనపడదు. ఇచ్చిన వస్తువును వాడి అరగదీసి, మళ్లీ కావాలనడం కృతఘ్నత కాక ఏమిటి?

కనుక సంస్థల క్షేమం కోరి కొన్ని ప్రతిపాదనలు చేస్తున్నాను. కిట్టు సీలు విప్పే అధికారం పెద్దలతో కూడిన ఒక ఉపసంఘానికే ఉండాలి. తెలిసిన జవాబు చెప్పకుండా చేతులు కట్టుకుని కూర్చునే వాలంటీర్లకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. వార్షిక నివేదికలో ‘లబ్ధిదారులు’ అన్న గడిలో పిల్లల సంఖ్య వేసుకోవచ్చు గానీ, వారిని గదిలోకి రానివ్వడం తప్పనిసరి కాకూడదు. ఈ ప్రతిపాదనలపై అభ్యంతరాలు ఉన్నవారు లిఖితపూర్వకంగా తెలపవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివారి అభ్యంతరాలు స్వీకరించబడవు; వారి తరఫున తల్లిదండ్రులే రాసి పంపవచ్చు, ఎటూ రోబోను చేసిందీ వారే కదా.