కాలిక్యులేటర్‌లో కాసిన తోట

పండ్ల తోట వేసి పైకి రావాలనుకునేవారికి ముందుగా కావలసింది భూమి కాదు, నీళ్లు కాదు, మొక్కలైతే అసలే కాదు. ఒక కాలిక్యులేటర్. నేను దానితోనే రంగంలోకి దిగాను.

మామిడి మొక్కల్ని 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 40 పడతాయి. ఎందుకో ఆ 40 నాకు నచ్చలేదు. ఎడం సగానికి తగ్గించాను, 160 అయ్యాయి. ఇంకో సగం తగ్గిస్తే 640 దాటాయి. చెమట చుక్క రాలకుండా, ఒక్క సాయంత్రంలో నా తోట 16 రెట్లయింది! అంత దగ్గరగా వేస్తే ఏటా కొమ్మలు కత్తిరిస్తూ ఉండాలనీ, లేకపోతే ఒకదాని నీడలో ఒకటి పడి కాపు తగ్గిపోతుందనీ తెలిసినాయన ఒకరు చెప్పబోయారు. కాలిక్యులేటర్ మీద కత్తెర బొమ్మ లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

చెట్లకు వ్యాపార జ్ఞానం లేదని తర్వాత తెలిసింది. అంటు మొక్క నాటాక చెప్పుకోదగ్గ కాపు కోసం మూడు నాలుగేళ్లు ఆగాలట. ఈలోగా పూత వస్తే తుంచేయాలట, చెట్టు ఎదగాలని. పెట్టుబడి పెట్టినవాడే తన రాబడిని గిల్లి పారేసే వ్యాపారం ఇంకొకటి ఉంటే చూపించండి. పోనీ ఆ తర్వాతైనా బుద్ధిగా ఉంటాయా? ఒక్కో పూగుత్తిలో వందలకొద్దీ పూలు పూయించి, నూటికి ఒక్కటైనా పండు దాకా నిలబెట్టవు. ఇంత దండగమారి సిబ్బందిని ఏ కంపెనీ భరిస్తుంది? పైగా చాలా మామిడి రకాలు ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది సెలవు పెడతాయి. చీటీ కూడా రాయవు. కాసిన ఏడాది అందరి తోటలూ ఒకేసారి కాస్తాయి కాబట్టి ధర పడిపోతుంది. ధర బాగున్న ఏడాది మన చెట్టు సెలవులో ఉంటుంది.

విజయగాథల్లో ఈ గొడవేమీ కనపడదు. 'రెండు మొక్కలతో మొదలుపెట్టాను' అంటారు. ఆ రెండు మొక్కల కింద తాతలనాటి పదెకరాలు, పక్కన ఎండని బావి, నెలనెలా జీతం తెచ్చే ఇంకో ఉద్యోగం ఉన్న సంగతి మాత్రం వినయం కొద్దీ దాచేస్తారు. నిజంగా చిన్నగా మొదలై పైకొచ్చినవాడు నాకు తెలిసి నర్సరీ ఆయనొక్కడే. ఆయన పంట మూరెడు ఎత్తులోనే అమ్ముడుపోతుంది. పూత రాలుతుందని, వడగళ్లు పడతాయని ఆయనకు టెన్షన్ లేదు. ఆ టెన్షన్ మొక్కతో పాటు మనకే ఇచ్చి పంపుతాడు.

మామిడి కాసేలోపు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని మధ్యలో బొప్పాయి వేశాను. అది పది నెలల్లో కాపుకొస్తుంది. వచ్చింది కూడా, సగం చెట్లకు. మిగతా సగం పోతు చెట్లని పూశాక గానీ బయటపడలేదు. పొడుగాటి తొడిమలకు పూలు వేలాడేసుకుని దర్జాగా నిలబడ్డాయి. కాయ లేదు. ఫొటోల్లో మాత్రం అవే బ్రహ్మాండంగా వచ్చాయి.

ఆ ఫొటోలు చూసి జనం సలహాలకు రావడం మొదలుపెట్టారు. దాంతో వచ్చే వారం నుంచి 'చిన్నగా మొదలుపెట్టి పండ్ల తోటలో ఎదగడం ఎలా' అని శిక్షణ తరగతులు పెడుతున్నాను. చిన్న హాలు దొరికింది. ఉదయం కాలిక్యులేటర్ తీసి చూశాను. మనిషికీ మనిషికీ మామూలు ఎడం వదిలితే 40 కుర్చీలు పడుతున్నాయి. సగానికి తగ్గిస్తే 160.