తాబేలుకు స్థానికత ఎందుకు?

అంతరించిపోతున్న తాబేళ్లను కాపాడాలంటే ముందు వాటి జన్యుపటాలు, అంటే వాటి డీఎన్‌ఏలోని మొత్తం సమాచారం, సిద్ధం చేసుకోవాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. బాధ్యత గల తిరుపతి వాసిగా ఈ ప్రతిపాదనపై నా అభ్యంతరాన్ని సవినయంగా నమోదు చేస్తున్నాను. తాబేళ్ల విషయంలో మన ప్రాంతానికి ఇప్పటికే స్థిరపడిన విధానం ఒకటి ఉంది. అది తాబేళ్లను తప్ప ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఏళ్ల తరబడి సాఫీగా నడుస్తోంది.

ఆ విధానం ఇది. చిత్తూరు చుట్టుపక్కల ముళ్లపొదల్లోనూ, గుట్టల వాలుల్లోనూ, చేల గట్ల మీదా తిరుగుతుండే, డొప్ప మీద నక్షత్రాల్లాంటి చారలున్న నక్షత్ర తాబేలును ఎవరో ఏరుకుంటారు. అది గోనెసంచిలోనో బట్టల పెట్టెలోనో ఒదిగి చెన్నైకో బెంగళూరుకో చేరుతుంది. రెండు అంతర్జాతీయ విమానాశ్రయాలు ఇంత దగ్గరలో ఉండటం ఈ జిల్లా చేసుకున్న పుణ్యం. దారిలో పట్టుబడితే వాటిని బల్లమీద వరుసగా పేర్చి, వెనుక నలుగురు నిలబడి ఫొటో దిగి, దగ్గర్లోని అడవిలో వదిలిపెడతారు. కథ సుఖాంతం.

ఇక్కడే శాస్త్రవేత్తలు అడ్డుపడుతున్నారు. ఆ తాబేలుది అసలు ఏ ఊరని వారి ప్రశ్న. నక్షత్ర తాబేళ్లు గుజరాత్, రాజస్థాన్ వైపు ఒక సమూహంగా, ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక మెట్ట ప్రాంతాల్లో మరొక సమూహంగా బతుకుతున్నాయని, శ్రీలంకలోనూ ఉన్నాయని, వాయవ్య భారతానికీ దక్షిణానికీ చెందిన సమూహాలు జన్యుపరంగా వేరువేరని వారు చెబుతారు. ఎక్కడెక్కడివో ఒకే సంచిలో కలిసి పట్టుబడినప్పుడు, ఏది ఎక్కడిదో తేల్చకుండా ఒకే పొదలో వదిలితే, తరతరాలుగా ఒక నేలకూ ఒక ఎండకూ అలవాటుపడిన వంశాలు కలగాపులగమవుతాయట. పైగా సంచుల్లో అంటుకున్న రోగాలు అడవిలోని ఆరోగ్యమైన తాబేళ్లకు కూడా పాకుతాయట.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా? చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు అవకాశాలు కల్పించే రాజ్యాంగంలోని 371-డి అధికరణ ప్రకారం ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధిలో స్థానికుడని అనిపించుకోవడానికి మన పిల్లవాడు ఏ తరగతి ఏ ఊళ్లో చదివాడో బోనఫైడ్ సర్టిఫికెట్లతో రుజువు చేసుకోవాలి. ఒక్క ఏడాది పక్క రాష్ట్రంలో చదివినా తండ్రి రెవెన్యూ కార్యాలయం చుట్టూ తిరగక తప్పదు. ఆ కష్టమేమిటో తెలిసిన వాళ్లం కనుకనే మనం తాబేలును ఆ బాధ నుంచి మినహాయించాం. ఎవరూ ఏమీ అడగకుండా స్థానికత పొందుతున్న ఏకైక ప్రాణి అది. రాజస్థాన్ ఇసుకలో పుట్టిన తాబేలుకు మనం పది నిమిషాల్లో చిత్తూరు జిల్లా నివాసం మంజూరు చేస్తున్నాం. ఇంత చురుకైన సేవ ఏ కౌంటరులో దొరుకుతుంది?

మనకు వంశం పట్ల పట్టింపు లేదని ఎవరూ అనుకోకూడదు. పుంగనూరు ఆవును కొనేటప్పుడు దాని ఎత్తు కొలిచి, తల్లిని చూసి, తండ్రిని విచారించి, సంకరం కాదని నాలుగు నోళ్ల చేత చెప్పించుకున్న తర్వాతనే బేరానికి కూర్చుంటాం. కాకపోతే ఆవు పాలిస్తుంది. తాబేలు ఏమిస్తుంది?

నిజానికి తాబేలు కూడా సంపదనిస్తుందని గోవిందరాజస్వామి గుడి వీధుల్లో నడిచిన వారందరికీ తెలుసు. అక్కడ తాబేలు ఉంగరం కొని, తల మనవైపు ఉండేలా వేలికి తొడుక్కుంటే డబ్బు ఇంట్లోకి వస్తుందని, అటు తిప్పితే బయటికి పోతుందని దుకాణదారు సాంకేతిక సలహా కూడా ఇస్తాడు. లోహపు తాబేలు తల ఎటు ఉండాలో ఇంత కచ్చితంగా చెప్పగలిగిన సమాజాన్ని, ప్రాణమున్న తాబేలు ఎటు పోయిందో కూడా చెప్పమనడం అత్యాశ. ఈలోగా 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ (అంతరించే ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశం నక్షత్ర తాబేలును అత్యంత కఠిన నిషేధం వర్తించే మొదటి అనుబంధంలో చేర్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2022 సవరణతో దాన్ని పులి సరసన ఒకటో షెడ్యూలులో కూర్చోబెట్టింది. ఇంటికి కలిసివస్తుందని దాన్ని తొట్టిలో పెంచుకునే పెద్దమనుషులు ఈ వాక్యాన్ని చదవకుండా దాటవేయవచ్చు.

శాస్త్రవేత్తల పద్ధతిని కూడా న్యాయంగా వివరించాలి. ఒక్క చుక్క రక్తం చాలునట. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది కనుక అది తల్లి వంశాన్ని పట్టిస్తుంది. కణకేంద్రకంలోని డీఎన్‌ఏ తల్లిదండ్రులిద్దరి సంగతీ చెబుతుంది. 200 కోట్లకు పైబడిన అక్షరాల జన్యుపటం మొత్తాన్ని చదివితే ఏది దేనికి దగ్గరి బంధువో, ఆ సమూహం ఎంతగా కుంచించుకుపోయిందో, హానికరమైన మార్పులు ఎన్ని పోగుపడ్డాయో తెలుస్తుంది. బోనులో పెంచి పిల్లలు చేయించేటప్పుడు ఏ జంటను కలపాలో, దేన్ని దూరంగా ఉంచాలో దాన్నిబట్టే నిర్ణయిస్తారు. 2013లో వెలువడిన తొలి తాబేలు జన్యుపటాలైతే తాబేలు పాముకంటే కోడికే దగ్గరి చుట్టమని నిర్ధారించాయి. ఈ సమాచారాన్ని మన మెస్సుల దాకా పోనివ్వకపోవడం మంచిది.

విదేశాల్లో ఏం సాధించారో చూద్దాం. పసిఫిక్ సముద్రంలోని గలపాగోస్ దీవుల్లో ఒకటైన పింటా దీవి తాబేలు జాతిలో చివరివాడైన లోన్సమ్ జార్జికి ఎంత వెతికినా సొంత జాతిలో సంబంధం దొరకలేదు. 2012లో ఆయన కన్నుమూశాడు, 2018లో ఆయన జన్యుపటం ప్రచురితమైంది. అదే ద్వీపసమూహంలోని ఫెర్నాండినా దీవిలో 2019లో ఒక ఆడ తాబేలు కనిపిస్తే, 1906లో అక్కడ సేకరించి భద్రపరిచిన మగ తాబేలు డీఎన్‌ఏతో పోల్చి, రెండూ ఒకే జాతివని 2022లో తేల్చారు. మ్యూజియంలో నూరేళ్లకు పైగా ఉన్న నమూనా పనికిరావడం చూసి మనం ఆశ్చర్యపోవాలి. మన దగ్గర నిరుటి దస్త్రాన్నే చెదపురుగు మనకంటే ముందు చదువుతుంది.

అంత దూరం ఎందుకు? సింగపూర్‌లో పట్టుబడి తిరిగొచ్చిన నక్షత్ర తాబేళ్ల పుట్టుచోటు ఏదో డీఎన్‌ఏ ద్వారా తేల్చే పని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఏనాడో చేశారు, దాన్ని 2006లో ప్రచురించారు. తిరుపతిలోనే ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, జంతుప్రదర్శనశాల ఉంది. పోల్చి చూడటానికి ప్రతి ప్రాంతపు అడవి తాబేళ్ల నమూనాలు ముందుగా సేకరించి పెట్టుకోవాలి, అంతే. అందువల్లనే నాకు భయం. ఈ నమూనాలు ఎంత దగ్గర దగ్గరగా సేకరిస్తే, పట్టుబడిన తాబేలు ఏ గుట్టల నుంచి పోయిందో అంత దగ్గరగా చెప్పేయవచ్చు. అప్పుడు ఏ దారుల్లో కాపలా లేదో బయటపడుతుంది. "అది మా పరిధిలోకి రాదు" అనే తరతరాల సమాధానానికి నిలువ నీడ లేకుండా పోతుంది. జన్యువైవిధ్యాన్ని కాపాడే ఉత్సాహంలో పరిపాలనా సంప్రదాయాన్ని బలిపెట్టడం సమంజసమా?

అయినా పైవారు పట్టుబట్టే పక్షంలో నాదొక మధ్యేమార్గం. పంచనామాలో 'స్వస్థలం' అనే గడి ఒకటి చేర్చి, తాబేలు ఎక్కడ పట్టుబడిందో అదే అందులో రాసేద్దాం. దీనికి రక్తం అవసరం లేదు, ప్రయోగశాల అవసరం లేదు, ఇద్దరు సాక్షులు చాలు. ఆ లెక్కన మన నక్షత్ర తాబేళ్లలో చాలావరకు చెన్నై విమానాశ్రయం వాస్తవ్యులుగా తేలతాయి కనుక, వాటి సంరక్షణ భారం న్యాయంగా విమానయాన శాఖదే అవుతుంది.