కుమ్మక్కు అనేముందు...

పేపర్ తెరిస్తే రోజుకో కుమ్మక్కు. అధికారులు, కాంట్రాక్టర్లు కుమ్మక్కు. మూడు పార్టీలున్న చోట ప్రతి పార్టీ మిగతా రెండూ కుమ్మక్కయ్యాయనే అంటుంది. ఇంత ధారాళంగా వాడేస్తే మాటలో పస ఏం మిగులుతుంది?

కుట్రకు లేని షరతు ఒకటి ఈ మాటకుంది. కుట్ర ఒకే ముఠావాళ్లూ చేయొచ్చు. కుమ్మక్కు కావాలంటే పోటీ పడాల్సినవాళ్లో, ఒకరిపై ఒకరు కన్నేసి ఉంచాల్సినవాళ్లో చేతులు కలపాలి. ముగ్గురు దొంగలు కలిసి కన్నమేస్తే కుమ్మక్కు అనం, వాచ్‌మన్ కూడా కలిస్తే అంటాం. లాలూచీ కుస్తీ అన్నా ఇదే. కాంట్రాక్టర్లు ‘రింగయ్యారు’ అంటే, ఏ పని ఎవరికన్నది టెండర్‌కు ముందే పంచేసుకున్నారని. ఓడిపోయేవాడూ కావాలని ఎక్కువ రేటుకు టెండర్ వేస్తాడు. పోటీ జరిగినట్టు కనబడాలి కదా!

మరి చూసీ చూడనట్టు వదిలేసినవాళ్ల సంగతి? ‘అధికారుల కుమ్మక్కు’ అని హెడ్డింగ్ పెట్టేస్తే వాళ్లూ వీళ్లూ ఒకే గంపలో పడతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఇక్కడ గీత గీసింది. 45వ సెక్షన్ ప్రకారం, చట్టప్రకారం చేయాల్సిన పనిని నేరానికి సాయపడేందుకే మానేయడం కూడా ప్రేరేపణే. చూసి ఊరుకున్న పక్కింటాయన ఇందులోకి రాడు. కొలతలు తప్పని తెలిసీ, చేసిన పనిని కొలిచి నమోదు చేసే ఎం-బుక్‌ను అడ్డుకోని ఇంజనీర్ రావచ్చు. అందుకే ఎవరి బాధ్యత ఏమిటో రాయని వార్త నాకు సగం వార్తే.

ఇక రుజువు మహా కష్టం. సిమెంట్ కేసే చూడండి. ధరలు నిర్ణయించడంలో కుమ్మక్కయ్యాయంటూ 2012 జూన్‌లో మార్కెట్‌లో పోటీని కాపాడాల్సిన కాంపిటీషన్ కమిషన్ 11 కంపెనీలకు దాదాపు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. రాతపూర్వక ఒప్పందమేదీ చేతికి చిక్కలేదు. ధరలు ఒకేలా కదలడం, సిమెంట్ తయారీదారుల సంఘం సమావేశాల్లో సమాచారం పంచుకోవడం వంటివే ఆధారాలు. 2015లో అప్పీలేట్ ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. కుమ్మక్కు లేదని కాదు, వాదనలు వినని చైర్‌పర్సన్ సంతకం చేశారని! 2016లో కమిషన్ మళ్లీ జరిమానా వేసింది, 2018లో నేషనల్ కంపెనీ లా అప్పీలేట్ ట్రిబ్యునల్ సమర్థించింది, కేసు సుప్రీంకోర్టుకెక్కింది.

లోపలివాడు నోరు విప్పితే తప్ప ఇలాంటివి తేలవని చట్టానికీ తెలుసు. కాంపిటీషన్ చట్టం 46వ సెక్షన్ అందుకే ఉంది. గుట్టు మొదట విప్పిన కంపెనీకి జరిమానా మొత్తం మాఫీ చేసే వీలు కూడా ఉంది.