తలాపున దీపం

నెత్తి ఇంకా మండుతోంది. నిన్న ఆదివారం, డిసెంబర్ 21న, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో ఇరవై మంది పిల్లల ముందు నేను చచ్చిపోయాను.

మా అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో వాళ్లు పేగన్లు, అంటే ప్రకృతిని కొలిచేవాళ్లు. ఏడాదికి ఎనిమిది పండుగలు. వాటిని పిల్లలకు పాఠంలా కాకుండా కథలా చెప్తారు. మంచి పద్ధతే, కాదనను. అక్టోబర్ 31 పండుగకు వెళ్లి, రాసింది రాసినట్టు ‘సాంహైన్’ అని చదివి, దాన్ని ‘సావిన్’ అనాలని ఆరేళ్ల పిల్ల చేత చెప్పించుకున్నాను. అప్పుడే మానేయాల్సింది.

ఈసారి యూల్, వాళ్ల చలికాలపు పండుగ. దాని కథలో చెట్ల పేర్లున్న రాజులు ఇద్దరు. జూన్ నుంచి హాలీ రాజుదే ఏలుబడి, పొద్దు రోజురోజుకీ కుంచించుకుపోతుంది. అన్నిటికంటే చిన్న పగలు నాడు ఓక్ రాజు వచ్చి అతన్ని పడగొడతాడు. ఏటా హాలీ రాజు వేషం వేసే ఆయనకు జ్వరమట. నిర్వాహకురాలు నా గడ్డం చూసింది. అంతే.

ఆవిడ చేతిలో ఎప్పుడూ పరీక్ష అట్ట, దాని మీద కార్యక్రమం నిమిషాలతో సహా. కిరీటానికి అసలు హాలీ కొమ్మలే ఉండాలంది. గ్రీటింగ్ కార్డుల మీద ముద్దొచ్చే ఆ ఆకు, నెత్తిన పెట్టుకుంటే అచ్చం రేగికంప. పొడిపించుకున్నాను, పడ్డాను. నా తల దగ్గర యూల్ కొవ్వొత్తి వెలిగించారు. ‘సూర్యుడి పాట అవగానే లేపుతాం’ అంది.

పాట అయింది. ఎవరూ లేపలేదు. బిస్కెట్లు పంచడం మొదలుపెట్టారు. ఒక కన్ను తెరిచి ఆవిడ వైపు చూశాను. అట్టలోకి చూసి, ‘ష్, మీరింకా పోయే ఉన్నారు’ అంది.

కింద చెక్క నేల, మంచుగడ్డ. నాకు భీష్ముడు గుర్తొచ్చాడు. ఉత్తరాయణం కోసం ఆయన అంపశయ్య మీద 58 రాత్రులు పడుకున్నాడు. ఆకాశం లెక్కన సూర్యుడు ఉత్తరానికి తిరిగేది ఈ రోజే. భూమి అక్షం మెల్లగా ఊగుతుండటం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరిగి జరిగి, మన సంక్రాంతి జనవరి నడిమికి చేరింది. అంటే పితామహుడు ఈ కాలంలో పడి ఉంటే ఏ పంచాంగం చూసుకుని పోయేవాడో! నేను ఇంత దూరం ఆలోచించేసరికి ఒక నాలుగేళ్ల వాడు వచ్చి నిజంగా పోయానా అని ఓక్ పుల్లతో ముక్కులో పొడిచి చూశాడు. ఇంకో పిల్ల జాలిపడి నా గుండెల మీద జింజర్ బిస్కెట్ పెట్టింది. భీష్ముడికి అర్జునుడు బాణం వేసి గంగ తెప్పించాడు. నాకిది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి చేతిలో ఉన్న నా ఫోన్ మోగింది. తెనాలి నుంచి అమ్మ, వీడియో కాల్. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ప్రతి ఆదివారం పడుకునే ముందు చేస్తుంది.

“నాన్నేడమ్మా?”

అమ్మాయి కెమెరా నా వైపు తిప్పింది. నేల మీద వెల్లకిలా కొడుకు, ఒంటి మీద ఆకులు, చుట్టూ జనం, తలాపున దీపం. పైగా దాని వచ్చీరాని తెలుగు:

“నాన్న చచ్చిపోయాడు నానమ్మా. జూన్‌లో లేస్తాడు.”

అమ్మ కేక హాలంతా వినిపించింది. నేను ఒక్క ఉదుటున లేచాను. బిస్కెట్ ఎగిరిపడింది, చిన్న పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. తెనాలిలో అన్నయ్య లేచాడు, పక్కింటివాళ్లు లేచారు. నేను బతికే ఉన్నానని అందరికీ నమ్మకం కుదిరేసరికి అక్కడ పదకొండయింది.

చెప్పకుండా లేస్తే పిల్లల మనసులో కథ తప్పుగా నాటుకుంటుందని నిర్వాహకురాలు నాకు మెత్తగా క్లాసు పీకింది. ఆ అట్టలో ‘హాలీ రాజును లేపుట’ అని ఎక్కడుందో చూపించమన్నాను. కాగితం తిప్పేసింది. వెనకవైపు జూన్ 21కి నా పేరు అప్పటికే రాసి ఉంది. ఆ రోజు గెలిచేది నేనేనట, కిరీటం దాచుకోమంది.