మాడ వీధులకు ఏ రంగు వేస్తారు?

మాస్టర్ ప్లాన్ పటంలో ఇళ్లున్నచోట పసుపు, దుకాణాలున్నచోట నీలం, పరిశ్రమలుంటే ఊదా. ఖాళీ పొలాల్లో వేసే కొత్త లేఅవుట్లకు ఈ లెక్క సరిపోతుంది. శ్రీకాళహస్తి గుడి చుట్టూ ఉన్న మాడ వీధులకు సరిపోదు. అక్కడ ముందు గదిలో పూజసామాన్ల కొట్టు, వెనక వంటిల్లు, మేడ మీద యాత్రికులకు అద్దె గదులు, అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. దానికి పసుపు వేస్తే కొట్టు అక్రమం. నీలం వేస్తే రేపు ఆ ఇల్లు కూల్చి అయిదంతస్తుల లాడ్జి కట్టడానికి దారి దొరికినట్టే.

ఇక్కడి కలంకారీవాళ్ల పని చూడండి. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నల్లటి కసింలో వెదురు కలం ముంచి గీతలు గీస్తారు. పటిక పెట్టి, చెట్ల రంగుల్లో ఉడకబెట్టి, పారే నీళ్లలో జాడించి, ఎండలో పరుస్తారు. గీసేది ఇంట్లో, ఉడకబెట్టేది పెరట్లో, జాడించేది ఏట్లో, అమ్మేది వీధి గదిలో. ప్లానింగ్ భాషలో చెప్పాలంటే నివాసం, పరిశ్రమ, నదీతీరం, వాణిజ్యం నాలుగూ ఒక్క చీర మీదే ఉన్నాయి! వీళ్లందరినీ ఊరి బయట షెడ్లలోకి పంపితే పటం శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఇంటిపని చూసుకుంటూ మధ్యమధ్యలో రంగులు నింపే ఆడవాళ్లు రోజూ షెడ్డుదాకా వెళ్లలేరు. పనిలో సగం అక్కడే పోతుంది. రంగునీళ్లు కాలువలో కలుస్తున్నాయన్నది నిజమైన ఫిర్యాదే. దానికి ఏటి దగ్గర ఉమ్మడి జాడింపు తొట్లు కట్టి, ఆ నీటిని శుద్ధిచేసి వదలాలి. ఇల్లు ఖాళీ చేయించడం దానికి మందు కాదు.

వాడకాన్నిబట్టి ఊరిని విడదీసే పద్ధతికి న్యాయబలం వచ్చింది అమెరికాలో. ఒహాయోలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో 1926లో అక్కడి సుప్రీంకోర్టు ఆ విభజనను సమర్థించింది. ఇళ్ల పక్కకు ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు రాకూడదన్నది ఆ ఊరి బెంగ. మన గుడి వీధుల బెంగ వేరు.

ఇక్కడ గాజుల కొట్టూ లాడ్జీ రెండూ వాణిజ్యమే, పటంలో రెండూ నీలమే. కానీ గాజుల కొట్టుకు ఒక బల్బు, రెండు బిందెల నీళ్లు చాలు. నలభై గదుల లాడ్జికి లోతైన బోరు, పెద్ద సెప్టిక్ ట్యాంకు, కార్లకు చోటు కావాలి. రాహుకేతు పూజలు రోజూ జరిగే ఊరు కాబట్టి గదుల గిరాకీ ఏడాది పొడుగునా ఉంటుంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు స్వర్ణముఖి ఏరు. గుడి దగ్గర ఊరు పక్కకు పెరిగే వీలు తక్కువ, అందుకే పైకి, కిందికి పెరుగుతుంది.

కాబట్టి ఈ వీధుల్లో కొలవాల్సింది బరువు: ఎంత ఎత్తు కడతారు, ఎంత లోతు తవ్వుతారు, ఎన్ని నీళ్లు తోడతారు, ఎంత పెద్ద బండి వస్తుంది. ఈ హద్దులు దాటనంతవరకు లోపల కొట్టు పెట్టినా, కలం పట్టినా, కాపురం ఉన్నా అధికారులకు పని లేదు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయిన ఊరు ఇది. పాత కట్టడాల పక్కన సెల్లార్లు తవ్వే అనుమతి గురించి ఇంకెక్కడైనా వాదించవచ్చు, ఇక్కడ ఆ వాదనే అక్కర్లేదు. వీధి వెడల్పుకైతే పాత కొలతే ఒకటుంది. శివరాత్రి ఉత్సవాలకు తేరు తిరగాలి. తేరు దారిలోకి మెట్లు, రేకుల పందిళ్లు రాకుండా చూస్తే మిగతా రోజుల్లో ఆటోలూ తిరుగుతాయి.

పెద్ద లాడ్జీలు, బస్సుల పార్కింగ్, టోకు గోదాములు రైల్వే స్టేషన్ వైపో, నాయుడుపేట రోడ్డు వైపో వెళ్లాలి. అక్కడినుంచి గుడికి చిన్న బ్యాటరీ బండ్లు నడపాలి. నడవలేని ముసలివాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ ఏర్పాటు ముందే జరగాలి. లేకపోతే మొదటి పండగకే నిబంధన గాలికి పోతుంది.

మాడ వీధిలో రెండు సెంట్ల స్థలమున్న మనిషి అడుగుతాడు: ‘అవతలి వీధివాడు నాలుగంతస్తులు వేసుకుంటే నేనెందుకు ఆగాలి?’ న్యాయమైన ప్రశ్నే. రోడ్డు విస్తరణకు స్థలం ఇచ్చినవాళ్లకు టీడీఆర్ బాండ్లు (ఇక్కడ పోయినదానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే, లేదా ఇంకొకరికి అమ్ముకునే హక్కు పత్రాలు) ఇస్తున్నారు కదా, ఎత్తు వదులుకున్నవాళ్లకూ అలాగే ఇవ్వాలి. ఆ బాండు ఎక్కడ చెల్లుతుందో పటంలో ముందే గీసి చూపించాలి. కొనేవాడు లేని బాండు చిత్తుకాగితంతో సమానం. పైగా ఆ చోటు స్వర్ణముఖి గట్టు పక్కన అసలు ఉండకూడదు. 2021 నవంబరు వానలకు ఆ ఏరు ఎంత దూరం వచ్చిందో ఒడ్డున ఉన్నవాళ్లను అడిగి, ఆ గీత పటంలో వేశాకే మిగతా రంగులు వేయాలి.