ఎండ్రకాయ బొరియలు లెక్కలోకి వచ్చాయా?

2024 సెప్టెంబరులో మా క్లాసులో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. మీకు బాగా తెలిసిన చోటు నుంచి ఒక సమస్య తీసుకుని దాన్ని లెక్కలోకి దించమన్నారు. నేను అమెరికాలో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. మాది కోనసీమ, అమలాపురానికి దగ్గర్లో కాలువ చివరన ఉన్న ఊరు. శివారు భూములకు నీళ్లు ఎప్పుడొస్తాయన్నది మా ఇంట్లో రోజూ వినిపించే మాట. అందుకే ఆ నీళ్ల లెక్కే తీసుకున్నాను.

బాబాయికి ఫోన్ చేసి బోదె, అంటే చేలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ, కొలతలు అడిగాను. వెడల్పు అడుగున్నర, లోతు ఆరంగుళాలు అన్నారు. నీటి వేగం కోసం ముప్పై అడుగుల దూరం కొలిచి, ఒక కొబ్బరి పిందె వేసి, అది ఎంతసేపట్లో దాటుతుందో చూడమన్నాను. ముప్పై ఎనిమిది సెకన్లు పట్టింది. పైన తేలే వస్తువు కంటే లోపలి నీళ్లు కాస్త నెమ్మదిగా కదులుతాయి కాబట్టి ఆ వేగాన్ని 0.85తో గుణించాను. అర క్యూసెక్కు వచ్చింది.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే గంటకు 3,600 ఘనపుటడుగులు. ఎకరం 43,560 చదరపు అడుగులు. దాని మీద ఒక్క అంగుళం నీరు నిలబడాలంటే 3,630 ఘనపుటడుగులు కావాలి. రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి! ఒక క్యూసెక్కు గంటసేపు పారితే ఎకరానికి ఒక అంగుళం నీళ్లు. గోదావరి డెల్టాలో పుట్టి, పదిహేనేళ్లు లెక్కలు చదివి, ఈ సంగతి నాకు ఇరవై మూడో ఏట తెలిసింది. ఎవరూ చెప్పలేదు, నేనూ వెతుక్కోలేదు.

ఆ బోదె కింద పదెకరాలున్నాయి. రెండంగుళాల నీళ్లు పెట్టాలంటే నలభై గంటలు పడుతుందని తేల్చి బాబాయికి చెప్పాను. ఆయన వెంటనే, "కాదమ్మా, రెండు పగళ్లు, రెండు రాత్రులు" అన్నారు. అంటే నలభై ఎనిమిది గంటలు. ఎందుకని అడిగితే, "గట్టుకి ఎండ్రకాయ బొరియలున్నాయి కదా, అవి నీ లెక్కలోకి వచ్చాయా?" అన్నారు.

రాలేదు. నలభై ఎనిమిదిలో ఎనిమిది, అంటే బోదెలోకి వచ్చిన నీళ్లలో ఆరో వంతు, చేలోకి చేరకుండానే బొరియల్లోకీ ఊటలోకీ పోతోంది. మా క్లాసులో దీన్ని నష్టాల పదం అంటారు, సమీకరణం చివర మైనస్ గుర్తుతో రాస్తారు. బాబాయి దాన్ని ముప్పై ఏళ్లుగా తన వంతు గంటల్లో కలుపుకుంటూనే ఉన్నారు.

తర్వాత ఒక విషయం గుర్తొచ్చి చాలాసేపు కదలకుండా కూర్చుండిపోయాను. ఎనిమిదో తరగతిలో మాకు తొట్టి లెక్కలు ఉండేవి. ఒక గొట్టం తొట్టిని ఇన్ని గంటల్లో నింపును, అడుగున ఉన్న రంధ్రం ఇన్ని గంటల్లో ఖాళీ చేయును, రెండూ తెరిచిన ఎంతకాలంలో నిండును? అలాంటివి వందలు చేశాను. ఆ తొట్టి మా చేనే. ఆ రంధ్రం ఎండ్రకాయ బొరియే. నలభై గంటల్లో నిండేది నలభై ఎనిమిదికి నిండుతోందంటే, ఆ బొరియలు ఒక్కటే ఉంటే 240 గంటల్లో చేను ఖాళీ చేస్తాయి. బడి కిటికీలోంచి చూస్తే బోదె కనిపించేది. ఆ బోదెకీ పుస్తకంలోని తొట్టికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఒక్క పీరియడ్‌లో చూపించి ఉండొచ్చు. చూపించలేదు. మా మాస్టార్లను తప్పుపట్టడం లేదు, వాళ్లకు సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ ఉంది. కోచింగ్ కూడా నాకు మేలే చేసింది, వేగం వచ్చింది, ఇక్కడిదాకా రాగలిగాను. కానీ ఇచ్చిన అంకెలతో లెక్క చేయడం ఒక చదువు, అంకెలు ఎక్కడి నుంచి తేవాలో తెలుసుకోవడం ఇంకో చదువు. ఆ రెండోది మనం పిల్లలకు చెప్పడం లేదు. చెప్పకపోవడం వల్ల ఎవరికి నష్టమో ఆ ఏడాది సార్వా (ఖరీఫ్ వరి) కోతల్లో నాకు కళ్లారా కనిపించినట్టే అయింది.

నవంబరు చివర్లో బాబాయి ఫోన్ చేశారు. మూడెకరాల కౌలు చేను, వంద బస్తాల ధాన్యం. తేమ శాతం 17 దాటకూడదన్నది కొనుగోలు నిబంధన. మబ్బు పట్టి సరిగ్గా ఆరక 20 చూపించింది. మిల్లులో బస్తాకు ఐదు కిలోల తరుగు తీస్తామన్నారట. "మూడు శాతం ఎక్కువుందని ఐదు కిలోలా? ఎంత తీస్తే న్యాయమో నువ్వు చెప్పు" అని అడిగారు.

నేను ఆలోచించకుండా చెప్పేశాను. బస్తా 75 కిలోలు, మూడు శాతమంటే రెండుంపావు కిలోలు అన్నాను. ఫోన్ పెట్టేశాక మనసు ఒప్పుకోక కాగితం మీద రాసుకుంటే అది తప్పని తెలిసింది. 75 కిలోల్లో 20 శాతం నీళ్లు, అంటే 15 కిలోలు. అసలు గింజ 60 కిలోలు. ఎండబెడితే నీళ్లు పోతాయి కానీ గింజ 60 కిలోలు అలాగే ఉంటుంది. ఆరాక తేమ 17 శాతమైతే ఆ 60 కిలోలు మొత్తంలో 83 శాతం అవుతాయి. 60ని 0.83తో భాగిస్తే 72.29. కాబట్టి తగ్గేది 2.71 కిలోలు. రెండుంపావు అని నేను చెప్పిన మాట మిల్లులో చెప్పి ఉంటే, అవతలివాళ్లు అది తప్పని రుజువు చేసేవాళ్లు, ఆ తర్వాత బాబాయి మాటకు విలువ ఉండేది కాదు. వెంటనే మళ్లీ ఫోన్ చేసి దిద్దుకున్నాను.

వంద బస్తాల మీద న్యాయంగా పోవాల్సింది 271 కిలోలు. వాళ్లు అడిగింది 500. తేడా 229 కిలోలు. ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అంటే 5,200 రూపాయల పైచిలుకు. కౌలు రైతు ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

బాబాయి ఆ అంకెతో మిల్లుకు వెళ్లి, "తేమకి రెండు కిలోల ఏడొందల గ్రాములు, ఒప్పుకుంటాను. మిగతాది దేనికి?" అని అడిగారు. తాలు ఉంటుంది, మట్టి ఉంటుంది, నూక ఎక్కువొస్తుంది అన్నారు. అందులో కొంత నిజం ఉంది, బాబాయే ఒప్పుకున్నారు. చివరికి నాలుగు కిలోల దగ్గర తెగింది. లెక్క తెలిసినంత మాత్రాన న్యాయం మొత్తం చేతికి రాదు. ధాన్యం కళ్లంలో తడుస్తుంటే బేరమాడే ఓపిక రైతుకు ఉండదు. అయినా ఏ కిలో దేనికి పోతోందో విడివిడిగా అడగగలిగారు. అంతకుముందు ఏటా ఐదంటే ఐదు, ఆరంటే ఆరు ఇచ్చి వచ్చేవారు.

ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగేదే. డెల్టాలోని ప్రతి బడిలో, ప్రతి సార్వా ముందు ఇది బోర్డు మీద ఉండాలని నా కోరిక. చేయడానికి ఇంకా ఎన్నో ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, అప్పుడు ప్రవాహం పది లక్షల క్యూసెక్కులు. 13.75 దగ్గర రెండోది, 13 లక్షలు. 17.75 దగ్గర మూడోది, 17 లక్షలు. ఈ మూడు చుక్కలూ గ్రాఫు కాగితం మీద పెడితే ఒక గీత మీదికి రావు. మొదటి రెండు అడుగులకు మూడు లక్షలు పెరిగింది, తర్వాతి నాలుగు అడుగులకు నాలుగు లక్షలే. ఎందుకలా అని పిల్లల్ని అడగండి. లంకల్లో పుట్టి పెరిగిన మా నానమ్మ భద్రాచలంలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రేడియోలో విని, గేదెలను ఎప్పుడు గట్టెక్కించాలో చెప్పేది. 1986 ఆగస్టు వరద చూసిన మనిషి. ఆ తరం అంచనాలు ఎవరైనా రాసిపెట్టుకుంటే బాగుండేది.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఏటా సొంత ఊళ్లలో పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు నగదు బహుమతులు ఇస్తోంది. అవి ఆపమని నేను అనను. అందులో కొంత డబ్బుతో బడికొక తేమ కొలిచే యంత్రం, ఒక కాటా, యాభై అడుగుల టేపు, తాపీమేస్త్రీలు మట్టం చూడటానికి వాడే నీళ్ల గొట్టం కొని ఇద్దామంటున్నాను. తమ ఊళ్లో ఏదైనా ఒకటి కొలిచి, ఎలా కొలిచారో, ఎక్కడ పొరపాటు రావచ్చో రెండు పేజీల్లో రాసిన పిల్లలకు వేరే బహుమతి పెడదాం. ఆ పేజీలను మనలో ఇంజనీర్లుగా పనిచేస్తున్నవాళ్లు చదివి, పిల్లలతో ఫోన్లో మాట్లాడాలి. ఇక్కడ వారానికి ఒక గంట ఇవ్వగలిగినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

పోయిన నెల బాబాయి ఇంకో ప్రశ్న పంపారు. పక్క చేను రొయ్యల చెరువైంది. ఉప్పు ఊట తన మడిలోకి ఎంత దూరం వస్తోంది, ఏ వరస దాకా నాటితే దక్కుతుంది అని. గట్టు నుంచి పదేసి అడుగులకు ఒక చోట మట్టి తీసి సీసాల్లో పెట్టమన్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా తమ్ముడు పన్నెండు సీసాలు నింపి, ఒక్కోదాని మీద దూరం, తేదీ రాసిన చీటీ అంటించి ఫొటో పంపాడు. కింద ఒక ప్రశ్న కూడా పెట్టాడు: "అక్కా, వాన పడ్డాక మళ్లీ తీయాలా?"