స్టువర్ట్‌కు మరో దారి లేకపోయిందా?

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన అశ్వికదళ సేనాని జె.ఇ.బి. స్టువర్ట్‌ను అభిమానించేవారు తరచూ ఒక మాట చెబుతారు. అతడు వర్జీనియా బిడ్డ అనీ, సొంత రాష్ట్రం యూనియన్ (ఉత్తరాది నిలబెట్టిన అమెరికా సమాఖ్య) నుంచి విడిపోయినప్పుడు దాని వెంట నడవడం తప్ప మరో దారి లేకపోయిందనీ వారి వాదన. ముప్పయ్యొకటో ఏట యుద్ధంలో నేలకొరిగిన మనిషి మీద జాలితో పుట్టిన మాట అది. అది నిజం కాదనడానికి ఎక్కడో వెతకనక్కరలేదు, అతని అత్తవారింటి వైపు చూస్తే చాలు.

1833లో వర్జీనియాలోని పాట్రిక్ కౌంటీలో పుట్టిన స్టువర్ట్, 1854లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదువు ముగించి, తర్వాత కాన్సాస్‌లో అశ్వికదళ అధికారిగా పనిచేశాడు. కొత్త ప్రాంతంలోకి బానిసత్వాన్ని రానివ్వాలా వద్దా అని అక్కడ జనం ఒకరినొకరు చంపుకుంటున్న రోజులవి. 1859లో బానిసల తిరుగుబాటు లేవదీయాలని బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారాన్ని ఆక్రమించినప్పుడు, లొంగిపొమ్మన్న తాఖీదును తలుపు దగ్గరికి తీసుకెళ్లింది స్టువర్టే. కాన్సాస్‌లో చూసిన ముఖం కావడంతో లోపల ఉన్నది బ్రౌన్ అని గుర్తుపట్టిందీ అతడే. రాబోయే యుద్ధం దేనికోసమో అంత దగ్గరగా చూసిన అధికారులు ఎక్కువమంది ఉండరు.

అతని మామగారు ఫిలిప్ సెయింట్ జార్జ్ కుక్ కూడా అశ్వికదళ అధికారే, ఆయనా వర్జీనియావారే. కొడుకు జాన్, అల్లుడు స్టువర్ట్ దక్షిణాది సైన్యంలో చేరినా ఆయన మాత్రం యూనియన్‌ను వదలలేదు. వర్జీనియాకు తాను రుణపడింది కొద్దే, దేశానికి రుణపడింది ఎంతో అని 1861లో బహిరంగంగా ప్రకటించారు. యూనియన్ తరఫున పేరు మోసిన జనరల్ జార్జ్ థామస్‌ది కూడా వర్జీనియాయే. ఒకే నేల, ఒకే వృత్తి, ఒకే ప్రమాణం ఉన్నవారు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నారంటే, ఆ నిర్ణయం ఎవరిది వారిదేనని ఒప్పుకోవాలి.

మామ నిర్ణయం స్టువర్ట్‌కు మింగుడుపడలేదు. ఈ పనికి ఆయన ఒక్కసారే పశ్చాత్తాపపడతారు, కానీ అది జీవితాంతం సాగుతుంది అని ఉత్తరంలో రాశాడు. అంతటితో ఆగలేదు. పసివాడైన కొడుక్కి తాతగారి పేరే పెట్టి ఉండగా, దాన్ని తీసేసి తన పేరు పెట్టాడు. ఆ బిడ్డ తల్లి ఫ్లోరా, కుక్‌గారి కూతురు. ఏ యుద్ధ చిత్రం కన్నా ఈ పేరు మార్పే ఆ అంతర్యుద్ధాన్ని నాకు దగ్గరగా చూపిస్తుంది.

ఏడాది తిరగకుండానే ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో ఒకే దారిన పడ్డారు. 1862 జూన్‌లో దక్షిణాది రాజధాని రిచ్మండ్ ముంగిట మోహరించిన యూనియన్ సేనాని మెక్లెలన్ సైన్యాన్ని, సుమారు 1,200 మంది రౌతులతో స్టువర్ట్ పూర్తిగా చుట్టివచ్చాడు. పొంగుతున్న చికహామినీ నది దగ్గర వంతెన కూలిపోయి ఉంటే, సమీపంలో పాడుబడిన గిడ్డంగి పలకలు ఊడదీసి దారి వేసుకుని, గుర్రాలన్నీ దాటాక దానికి నిప్పు పెట్టారు. వెంటాడిన యూనియన్ అశ్వికదళానికి నాయకుడు కుక్. మామను అల్లుడు తప్పించుకున్న ఆ కథ దక్షిణాది పత్రికలకు పండగైంది. స్టువర్ట్ నైపుణ్యాన్ని తక్కువ చేయలేం, అతడు నిజంగానే గొప్ప రౌతు. మరుసటి ఏడాది గెటిస్‌బర్గ్ యుద్ధానికి ముందు అలాంటి సాహసమే మళ్లీ చేయబోయి, శత్రువు సరుకు బండ్లు 125 పట్టుకున్నా, శత్రువు జాడ చెప్పాల్సిన సమయంలో దక్షిణాది ప్రధాన సేనాని లీ సైన్యానికి అందుబాటులో లేకుండా పోయాడు.

1864 నాటికి పరిస్థితి తారుమారైంది. దక్షిణాది సైన్యంలో రౌతు తన గుర్రాన్ని తానే తెచ్చుకోవాలి. అది పోరులో చస్తే పరిహారం ఉంది గానీ, రోగంతోనో ఆకలితోనో చస్తే లేదు. అలా డీలాపడ్డ దళం మీదికి యూనియన్ సేనాని షెరిడన్ పదివేలకు పైగా రౌతులతో వచ్చాడు. మే 10న దారిలో భార్యాపిల్లలు కనిపిస్తే స్టువర్ట్ గుర్రం దిగకుండానే ఫ్లోరాతో నాలుగు మాటలు మాట్లాడి సాగిపోయాడు. మర్నాడు రిచ్మండ్ సమీపంలోని ఎల్లో టావర్న్ దగ్గర, గుర్రం లేక కాలినడకన వెనక్కి పోతున్న యూనియన్ పక్షపు మిషిగన్ సైనికుడొకడు పిస్టల్‌తో కాల్చిన గుండు అతని కడుపులో దిగింది. రిచ్మండ్‌లో వైద్యుడైన బంధువు ఇంట్లో మే 12 సాయంత్రం ప్రాణం విడిచాడు. ఫ్లోరా చేరేసరికి కొన్ని గంటలు ఆలస్యమైంది. 1923లో కన్నుమూసేదాకా ఆమె వైధవ్యపు నల్లబట్టలు వదల్లేదు.

ఈ దుఃఖం నిజమైనదే. దాన్ని అడ్డుపెట్టి తర్వాతి తరాలు కట్టుకున్న కీర్తి మందిరం మీదే నా అభ్యంతరం. రిచ్మండ్‌లో 1907లో ప్రతిష్ఠించిన స్టువర్ట్ అశ్వారూఢ విగ్రహాన్ని 2020లో తొలగించారు. వర్జీనియాలోనే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 1959లో తెరిచిన ఒక హైస్కూలుకు అతని పేరు పెట్టారు. కుక్ పుట్టిన లీస్‌బర్గ్ ఉన్నది ఆ పక్క లౌడన్ కౌంటీలోనే. ఇవాళ తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ప్రాంతమిది కాబట్టి, అక్కడి బడి పేర్ల వెనుక చరిత్ర మనవారికీ పరాయిది కాదు. నల్లజాతి పిల్లలను వేరు బడుల్లో కూర్చోబెట్టడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, వర్జీనియా ప్రభుత్వం దాన్ని మొండిగా ఎదిరిస్తున్న కాలంలో పెట్టిన పేరది. ఎన్నో వాదోపవాదాల తర్వాత 2018లో ఆ బడి జస్టిస్ హైస్కూల్‌గా మారడాన్ని చరిత్రను చెరిపేయడమని కొందరు విమర్శించారు. ఆనాడు ఆ పేరు పెట్టినవారు నల్లజాతి పిల్లలకు ఏం చెప్పదలిచారో ఆ విమర్శకులు ముందు జవాబివ్వాలి.